పడుగు పలచబడ్డ చోట

మొదలు పేకదే తప్పనుకున్న.
ఎర్రపోగు పక్కన ఇంకో ఎర్రపోగు,
దాని పక్కన దాని నీడ.
మూడు లెక్కవెట్టి ఒకటే నేస్తున్న.
మా అన్న కనకయ్య జంపఖానా పరిచి చూసి
"అంచు తాగి నడిచినట్టున్నదేందిరా" అన్నడు.
నేను తాగ.
ఆ రాత్రి కాజీపేటల సిగ్నల్ దీపానికి తోక మొలిచింది,
బస్సు మీద ఊరిపేరు
చెమట లెక్క కిందికి కారింది.

హన్మకొండల మిషన్‌కు గదువ ఆనిచ్చి
రెప్ప కొట్టకు అన్నరు.
నా కన్ను కాయితం మీద అచ్చయి వచ్చింది.
చుట్టూ నీలం, లోపట పచ్చ,
నడుమ ఉండాల్సిన ఎర్రపువ్వు
కిందికి జారి, ఒక పక్కకు ఒరిగి.
మా సొసైటీల అయితే ఈ డిజైన్ వాపస్ పంపుతరు.

"నల్లగుడ్డు మీది అద్దంపొర ఇది" అన్నది ముసర్రత్ డాక్టరమ్మ,
"పలచబడి గుట్ట లెక్క లేస్తున్నది."
పద్మాక్షి గుట్ట ఎన్నిసార్లు ఎక్కిన్నో.
పేరుల కన్నున్న గుట్ట అది.
కంట్ల గుట్ట ఉంటదని ఎవ్వలు చెప్పలే.

"కండ్లు నలుస్తవా?"
కొత్తవాడల నలవనోడు ఎవడమ్మా?
పత్తినుసి రెప్పల కింద కాపురముంటది.
మా నాయిన పిడికిలి మడిచి నలిచేటోడు,
నేను అదే పిడికిలి నేర్సుకున్న,
నాడె పట్టుడు కన్న ముందుగాల.

ఇగ మూడు దార్లు గీసింది చిట్టీ మీద.
పచ్చటి చుక్కలేసి నీలం వెలుతురు పట్టుడు,
పొరల పోగుకు పోగు ముడివడి గట్టివడతదట.
ఉన్నది ఆగుతది, పోయింది రాదు.
లేదంటే గట్టి లెన్స్.
పెట్టుకున్నంతసేపు చూపు, తీస్తే మళ్ల తోకలు,
గుట్ట మాత్రం దాని పని అది చేసుకుంటది.
మూడోది, సచ్చిపోయినోళ్ల పొర,
చుట్టూ పదహారు కుట్లు.
దాని మీద పెన్ను ఆనిచ్చి తీసేసింది.
"అది తర్వాతి మాట. రాకుండ చూద్దాం."

ఊరికే చూడు అని ఒక లెన్స్ పెట్టింది.
పది నిమిషాలు.
కిటికీ బయట ఒక్క తీగె. తీగె మీద ఒక్క కాకి.
నర్సమ్మ కొంగు పిన్నీసు.
నా గోర్లల్ల ఇరికిన నీలిరంగు,
ఎన్నేండ్లదో.
నీళ్లొచ్చినయి. లెన్స్ గుచ్చుకుందనుకున్నది ఆమె,
నేను అవునన్న.

చిట్టి ఎత్తిన పైసలు ఇరవై ఆరు వేలు,
రెండిట్ల ఒక్కదానికే వస్తయి.
"కనవడేది కొనుక్కుంటరు గని
కనవడనిదాన్ని కొంటరార" అన్నడు అన్న.
తప్పు మాట కాదు.
మూడు రాత్రులు ఆ కాకి నా నిద్రల వాలింది.

నాలుగోనాడు తెల్లారకముందే
గల్లీ పొడుగూత పడుగు సాపినం,
ఉప్పలమ్మ వదిన ఆ కొసకు, నేను ఈ కొసకు.
గంజి పూసుకుంట, కుంచె కొట్టుకుంట పోతుంటే
ఆమె తనలో తాను గొణిగింది,
"బేరమాడేటోడు ఎన్నడన్న గంజి అడిగిండా?"
సరకు గురించే అన్నది. నా కన్ను యాదిల లేదామెకు.
నేను మాత్రం కుంచె ఆపి నిలవడ్డ.

కుడికన్ను మందం నాలుగు వందల ముప్పై.
ఇంకో ముప్పై తగ్గితే ఈ వైద్యం కష్టమన్నది.
ఎడమది ఇప్పటికే దాటిపోయింది.
దాని మాట తర్వాత,
ఇంకో చిట్టి ఎత్తినంక.

పచ్చటి చుక్కలు. నీలం వెలుతురు.
మూడొద్దులు కంట్ల కారం నూరినట్టు.
అన్న అడిగిండు, "ఏమన్న తేడానా?"
లేదన్న. లేకపోవుడే గద పని.

ఇప్పుడు పండుకునేముందు
మణికట్టుకు పోగు చుట్టి మంచంకోడుకు కడుత,
నిద్రల చెయ్యి కన్ను దిక్కు పోకుండ.
గుంజితే తెగేటంత పోగే.
తెగిన చప్పుడుకు మెలకువొస్తది.

కాజీపేటల దీపానికి తోక అట్లనే ఉన్నది.
చెయ్యి చాపి కొలుస్త, జానెడు.
పోయిన నెల జానెడు.
అంతకు ముందు నెల జానెడే.