ఊతపదాల పద్దు

నా ఖాతా పుస్తకంలో పేర్లుండవు.

నర్సాపురం రేవులో పంటు దిగి ఎడమకి తిరిగితే
మూతపడ్డ ఐసు ఫ్యాక్టరీ, దాని గోడకానుకుని నా పాక.
గోడకవతల పేక.
ఇవతల నేనూ, బజ్జీల మూకుడూ.
మధ్యలో ఇటుక ఊడిన కన్నం.
అందులోంచి టీ గ్లాసులు వెళ్తాయి, మాటలు వస్తాయి.

పోలీసులు ఒకసారి పుస్తకం పట్టుకుపోయారు.
అప్పట్నించీ పేజీ పైన మనిషిని రాయడం మానేసి
వాడి మాట రాస్తున్నాను.
ఆటకి కూచున్న ప్రతివాడికీ ఒకటుంటుంది.
ముక్క తీసేముందు పెదవి మీదికి దానంతటదే వస్తుంది,
చీకట్లో గేదె మెళ్ళో గంటలాగ.

"పాటొచ్చాక పోటు రాదా?"
పదకొండు టీలు, నాలుగు ప్లేట్లు.
రాంభద్రరాజుగారిది.
రొయ్యకి తెల్లమచ్చొచ్చి
రెండు చెరువులూ ఎండగట్టిన ఏడు కూడా
అదే మాట, అదే గొంతు.
ముక్కలకి చెప్తున్నాడో సముద్రానికి చెప్తున్నాడో.

"జోకరు దేవుడు లాంటోడు, పిలిస్తే రాడు."
ఏసోబుది. నాకన్నిట్లోకీ ఇదే ఇష్టం.
ఆదివారం ప్రార్థనయ్యాక వచ్చి అంటాడు,
అని నాలిక కరుచుకుంటాడు,
మళ్ళీ ముక్క తీస్తూ అనేస్తాడు.
కారప్పూస పావుకిలో. తీర్చాడు. మళ్ళీ పెట్టాడు.

"సర్వరు స్లో అన్నా."
లేసు కంపెనీ గుమాస్తా కొడుకు.
వీడు పేకకి కూచోడు, గోడకి వీపానించి
ఫోన్లో ఆడతాడు, మొహాల్లేని వాళ్ళతో.
ఓడితే సర్వరు, గెలిస్తే తన తెలివి.
వీడి పేజీలో బాకీ ముప్పై రూపాయలు దాటలేదు.
అసలు అప్పు నా పుస్తకంలో పట్టేది కాదని
తర్వాత తెలిసింది.

పోసియ్యకి మాట లేదు.
అంగిట్లో నాలికతో ఒక్క చప్పుడు. గెలిచినా అదే, ఓడినా అదే.
ఎలా రాయాలో తెలీక చుక్క పెట్టాను.
చుక్క పేజీకి ఎప్పుడూ బాకీ లేదు.

ఇక "ఇదే ఆఖరాట."
లంకే చిట్టబ్బాయిది. తొమ్మిదేళ్ళుగా, రాత్రికి మూడుసార్లు.
అనగానే అవతల నవ్వు.
నేనూ నవ్వేదాన్ని, నూనెలో పిండి జారుస్తూ.

మొన్న శ్రావణంలో,
ఎర్ర నీళ్ళు రేవు మెట్లెక్కి పంటు కట్టేసిన రోజు
కన్నంలోంచి చెయ్యొచ్చింది, తడి నోట్లతో.
"ఎంతయితే అంత తీసుకో."
ఆ మాట మాత్రం అనలేదు.
అనకుండానే లేచి గట్టెమ్మట నడిచిపోయాడు.
ఇప్పుడు అంబాజీపేటలో కొబ్బరికాయలు వలుస్తున్నాడట,
వెయ్యికింతని.

వారం రోజులు ఆ మాట ఎవరూ ముట్టుకోలేదు.
పోయినవాడి చొక్కాలా దండెం మీద వేలాడింది.
ఎనిమిదో రాత్రి
కన్నంలోంచి మళ్ళీ వినపడింది, "ఇదే ఆఖరాట",
సన్నగా, ఇంకా మీసం ముదరని గొంతు.
సర్వరు కుర్రాడు.
ఈసారి ఎవరూ నవ్వలేదు.
పోసియ్య కూడా చప్పుడు చెయ్యలేదు.

ఏ పేజీలో రాయను?
చిట్టబ్బాయిది కొట్టేశాను.
కొట్టేసిన గీత కింద మళ్ళీ అదే రాస్తే
వాడు తిరిగొచ్చినట్టుంటుంది.
కలం పట్టుకుని కూచున్నాను, బజ్జీలు మాడాయి.
ఊతపదం అంటారు గాని,
ఊతంటే కర్రే కదా.
ఇంతమంది కుంటుతున్నారని
గోడ ఇవతలున్న నాకేం తెలుసు.

పొద్దున్నే శనగపిండికి వెళ్తే
కొట్టు కాంతారావు అడిగాడు, పాతబాకీ ఎప్పుడని.
"వాళ్ళివ్వగానే ఇచ్చేస్తా, ఎక్కడికి పోతారు?"
అన్నాను, ఎప్పటిలాగే.
బస్తాలు మోసే కుర్రాళ్ళు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని నవ్వారు.
కాంతారావు పుస్తకం తెరిచాడు.
పేజీ పైన, నా పేరుండాల్సిన చోట,
బొటనవేలు పెట్టి మూసుకున్నాడు.