నలభై ఒకటో చీటీ

రుబీనా అడుగుతున్నది:
మన భాషల 'చాలు' అనే మాట పెడదామా?
బ్లాకు అయిపోకముందే పేరును పంపించేయొచ్చు.
నయీంనగర్ల రాత్రి పది. ఫ్యాను కిర్రుమంటున్నది.

మంచిదే. పని తీరినంక పేరెందుకు,
చూరుకు వేలాడే గబ్బిలం లెక్క?

కానీ నాకు ఎనుమాముల యాదికొస్తున్నది.
మొగిలి మామ దడువాయి.
కాంటా అయిందో లేదో చీటీ చింపేటోడు,
అదే నలభై ఒకటి ఇంకో మిర్చి కుప్పకు ఇచ్చేటోడు.
పని జల్ది తెమిలేది. యార్డు సాఫు.
ఒకనాడు పరకాల నుంచి వచ్చినామె
నలభై ఒకటి నాదే అన్నది.
అబద్ధం కాదు. నంబరున్నది.
బస్తాలే వేరేటోళ్లవి.

భయం పేరు పోతదని కాదు, రుబీనా.
దొరకకుంటే కంపైలరు లొల్లి పెడ్తది, బతికిపోతం.
బయటి బ్లాకుల అదే పేరుతోటి ఇంకోటి నిలబడి
'ఆఁ' అని పలికితే?

ఆమె గోరుతో బల్ల గీకుతున్నది.
"అట్ల పలికితే తప్పని రూలు పెడదాం."
రూలుకు ఇంకో రూలు.
చాయ్ మీద మీగడ కట్టింది.

కొట్టెయ్యలేదు, ఒప్పుకోలేదు.
'చాలు' పక్కన ఒక ప్రశ్నార్థకం పెట్టి
లైటు బంద్ చేసినం.