గడువు: రాత్రి పదకొండు యాభై తొమ్మిది

మెట్‌పల్లి బీడీ కార్ఖానా వెనుక గల్లీల
మా సంగం ఆఫీసంటె ఒక రేకుల అర్ర,
ఒక ఇనుప బీరువా, తునికాకు వాసన.
లాప్‌టాప్ మా ఆడిబిడ్డ కొడుకుది.
ఒక మీట ఊడిపోయింది,
ఆడ అగ్గిపుల్ల పెట్టి ఒత్తాలె.

ఫౌండేషనోళ్ల ఫారం ఇరవై రెండు పేజీలు.
ముందుగాలనే అడుగుతది: మీ దార్శనికత ఏమిటి?
ఐదు వందల అక్షరాలు మించరాదు,
ఖాళీలతో కలిపి.
ఖాళీలు గూడ లెక్కేనంట.
మా ఖాళీలు ఎన్నడు ఎవలు లెక్కవెట్టిండ్రని
రాద్దామనుకున్న,
రాయలే.

మొన్న చలికాలం, రాత్రి పది గొట్టినంక
సర్కారు దవాఖాన కెల్లి ఒక పిల్లగాడొచ్చిండు,
గాజుపలకల పెట్టె, సూదులు, టార్చిలైటు.
బోదకాలు పురుగు పగలంత ఏడనో దాసుకుంటది,
ఊరు పండుకున్నంకనే నెత్తుట్లకు దిగుతది.
మేము ఇల్లిల్లు తలుపు గొట్టి
నిద్రల ఉన్న పోరగాండ్లను లేపి వేళ్లు గుచ్చినం.
ఏడ్సిండ్రు. తిట్టిండ్రు. కుక్కలు ఎంబడి వడ్డయి.
మూడు వందల పన్నెండు పలకలు,
పందొమ్మిదింట్ల పురుగు.
ఆ పందొమ్మిది మందిల ఒక్కలకు గూడ
కాలు వాయలేదు ఇంకా.

ఇంకా.
ఆ ఒక్క మాట కొరకే ఈ దరఖాస్తు.

పోయినేడు మోరీల మీద మూతలడిగినం.
మౌలిక వసతులు మా పరిధిలోకి రావని
మంచి కాగితం మీద జవాబొచ్చింది.
దోమలకు ఆ ఉత్తరం అందినట్టు లేదు.
ఈసారి చిన్నగ అడుగుతున్నం:
కాళ్లు కడిగే తొట్లు నలభై,
సబ్బులు నాలుగు వందల ఎనభై,
మెత్తటి తువ్వాలలు, వేళ్ల సందుల పుండ్లకు మలాము.
ఇతర ఖర్చులు అని కొట్టి, మల్ల తుడిపేసిన.
ఇతరం అంటె వాళ్లకు అనుమానం.

భూదవ్వ పక్కన్నే కూసున్నది,
కుడికాలు పీట మీద,
ఒడిల చాట,
మాట్లాడుకుంటనే ఆకు కత్తిరిస్తున్నది.
"ఆశించిన ఫలితం, కొలవదగినది" అని ఉన్నది ఫారంల.
ఇంటి తెలుగుల అడిగిన:
అవ్వా, కాలు రోజు మంచిగ కడుక్కుంటె నీకేమైతది?
"జరమొచ్చి పండుడు తగ్గుతది," అన్నది.
నాలుగు బీడీలు చుట్టినంక,
దారం పండ్లతోటి తెంపి,
"మా చెల్లె మనుమరాలి లగ్గంల బంతిల కూసుంట.
పోయినసారి నా పక్క ఇస్తారి
వేసింది వేసినట్టే ఉండె."

ఆ గడిల అంకెలే పడ్తయి.
నేను నలభై అని కొట్టిన.
ఆ నలభైల ఒకటి, పెండ్లి బంతి.

పంతొమ్మిదో పేజీ:
మా నిధులు ఆగిన తరువాత మీ కార్యక్రమం ఎలా కొనసాగుతుంది?
ఇక్కడ అరగంట ఆగిన.
ఉన్నదున్నట్టు రాస్తె,
ఇన్నేండ్లు ఎట్ల నడిచిందో అట్లనే, కుంటుకుంట.
సభ్యుల చందాతో అని రాసిన.
నెలకు పది రూపాయలు.
జైబున్నీసా మూడు నెలల బాకీ,
నన్ను చూస్తె గల్లీ మారుతది,
వాచిన కాలుతోటి, ఉరుకలేక.

పదకొండు యాభైకి నెట్టు ఆగింది.
తెర మీద చక్రం తిరుగుతున్నది.
పురుగు నెత్తుట్ల తిరిగే యాళ్ల గూడ ఇదే.
ఫోను రేకుల సందుకు పట్టుకొని నిలవడ్డ.
యాభై ఏడుకు పోయింది.
నంబరొకటి వచ్చింది, పద్నాలుగు అంకెలు,
బీడీ కట్ట కాగితం మీద రాసుకున్న.

"సబ్బులెప్పుడొస్తయి బిడ్డా?"
ఆర్నెల్లకు. వస్తె.
"అప్పటిదాంక?"

ఇంటికని కొన్న సబ్బొకటి నా సంచిల ఉండె.
భూదవ్వ కాగితం ఇప్పి
బీడీ దారం దాని నడుమ చుట్టి
రెండు కొసలు పట్టి గుంజింది,
సక్కగ తెగింది.
ఒక ముక్క కొంగుల కట్టుకున్నది.
"ఇది జైబున్‌కు ఇయ్యి,
చందా సంగతి ఎత్తకు."