మల్లెను మాడ్చిన నెల

రెండేళ్ళుగా ఆకులే.
పెయింటు డబ్బాలో బొండుమల్లె
పచ్చగా, బొద్దుగా, ఏ దిగులూ లేకుండా
ఆకు మీద ఆకు వేసుకుంటూ కూర్చుంది.
పొద్దునొక చెంబు, రాత్రొక చెంబు పోస్తూనే ఉన్నాను.
యార్డులో రోజంతా కాటా పక్కన నిలబడి
మిర్చి టిక్కీలు తూచి తూచి
ఇంటికొచ్చాక తూకం లేకుండా చేసే పని
అదొక్కటే మరి.

చుట్టుగుంట డాబా మీద
పక్క వాటా సువార్తమ్మ
బట్టలారేస్తూ చూసి చూసి
ఒకనాడు ఉండబట్టలేక అంది:
"కడుపు నిండిన మొక్కకి
పూయాల్సిన అవసరమేంటయ్యా?"

క్రిస్మస్ నక్షత్రం దించిన మర్నాడు
నా చేతిలో చెంబు లాక్కుంది.
ఇరవై రోజులు చుక్క పొయ్యొద్దంది.
ఆకులన్నీ దూసెయ్యమంది.
గోళ్ళలో యార్డు కారం ఉంటుందని
చింతపండుతో రుద్ది, మజ్జిగతో కడిగి,
అయినా మొదటి కొమ్మ దగ్గర
చెయ్యాడలేదు.

ఈకలు పీకిన కోడిలా మిగిలింది మల్లె.
ట్యాంకు నిండి పొర్లే చప్పుడుకి
నాకే దాహం వేసేది.
ఒక రాత్రి దొంగలా వెళ్ళి
అర గ్లాసు పోసొచ్చాను.
పొద్దున్నే ఆమె మట్టి నలిపి చూసి
నన్నేమీ అనలేదు.
లెక్క మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టింది.

ఆ లెక్క తీరిన రోజు
పాత గరిటెతో వేళ్ళు తగలకుండా మట్టి గుల్ల చేసి
గుప్పెడు వేపపిండి, పులిసిన మజ్జిగ,
వాళ్ళింట్లో చేపలు కడిగిన నీళ్ళు.
మట్టి బుడబుడమంది,
మర్చిపోయిన పేరేదో
నోట్లోనే నానుస్తున్నట్టు.

కణుపు కణుపునా ముందు ఎర్రటి పొక్కులు.
తర్వాత బియ్యపు గింజలు.
తర్వాత, యార్డుకి సరుకు పోటెత్తి
పేటంతా తుమ్ముతున్న ఒక సాయంత్రం
తొమ్మిది.

బాదమాకులో పెట్టి తీసుకెళ్ళాను.
సువార్తమ్మ చెయ్యి చాచబోయి ఆగింది.
"మా సంఘంలో పూలు పెట్టుకోం.
బాప్తిస్మం తీసుకుని ముప్పయ్యారేళ్ళు."
మరి ఇంత తంటా ఎందుకు పడ్డావని
అడగలేకపోయాను.
ఆకు నా చేతిలోనే ఉంది.
తలుపు వేయబోతూ అంది:
"మిగతావి కొయ్యకు.
ఆదివారం చీర
ఆ పక్క తీగ మీద, రాత్రిపూట ఆరేస్తాలే."

తెల్లచీరలో, చంకలో గ్రంథంతో
ఆమె మందిరానికి దిగుతుంటే
మా మెట్ల మీద కాసేపు
కారం ఘాటు పక్కకి జరిగింది.
నేనింకా చెంబు పట్టుకునే ఉన్నాను,
ఎంత పోయాలో తెలియక.