కొబ్బరి పొట్టు

నేనీ ఇంట్లో అడుగుపెట్టిన మూడోనాడు
జున్ను నా దిండు తడిపింది.
సరిగ్గా మధ్యలో, గుండ్రంగా,
ఎవరో కొలిచి పోసినట్టు.

తెల్ల కుందేలు. చెవుల కొసల్లో బూడిద రంగు.
షారోను తొమ్మిదో పుట్టినరోజుకి
వాళ్ళమ్మ అంబాజీపేటలో కొన్నదట.
ఆవిడ పోయి రెండేళ్ళు.
"ఇంతకుముందెప్పుడూ ఇలా చెయ్యలేదు" అంది పిల్ల
నా వంక చూడకుండా.
నిజమే అయ్యుంటుంది.

తర్వాత నా చేతిసంచి.
తర్వాత పెళ్ళిచీర కుచ్చిళ్ళు,
ఎండితే సుద్దలా తేలే మరక.
గొంతులో ఏదో గొణుక్కుంటూ
నా కాళ్ళ చుట్టూ రెండు చక్కర్లు కొట్టి
గిరుక్కున తిరిగి, తోకెత్తి, చిమ్మేది.
ఆదివారం ప్రార్థనలో
పాస్టరుగారి భార్య పక్కన కూచుని
ఆఖరి ఆమెన్ దాకా
కుచ్చిళ్ళు మోకాళ్ళ సందున నొక్కిపెట్టాను.

ఫినాయిలు పోశాను.
దానిమీదే మళ్ళీ పోసింది.
కొబ్బరి లారీ లెక్కలు రాసుకుంటున్న మా ఆయన
"పులుసు పెట్టేద్దామా" అని నవ్వాడు.
షారోను కంచం ముందునుంచి లేచిపోయింది.
ఆ రాత్రి మేమిద్దరం చెరో గదిలోంచీ
ఆయన్నే తిట్టుకున్నాం.

అమలాపురం పశువుల డాక్టరమ్మ
గేదె పొదుగు కడుగుతూనే చెప్పింది:
"పగేం లేదమ్మా దానికి.
ఇంట్లోకి కొత్త వాసనొచ్చింది, ఎల్లలు వేసుకుంటోంది.
మగది కదా, ఆపరేషను చేయించండి.
చేయించాక కూడా నెల్లాళ్ళు ఓపిక పట్టాలి.
కొట్టొద్దు. వెనిగరుతో తుడవండి.
ఇంతకీ కొత్తగా ఎవరొచ్చారు?"

ఇద్దరం గేదె వంక చూశాం.

ఇంటికొచ్చి పోపుల డబ్బా ముందు నిలబడ్డాను.
వచ్చిన రెండోనాడే దాన్ని
కిటికీ పక్కనుంచి తీసి
పొయ్యికి కుడివైపు పెట్టుకున్నాను.
అటక మీద ఇత్తడి సామాను జరిపాను.
గూట్లో నా దువ్వెన, నా సబ్బుపెట్టె.
నా పని తడి తగలకుండా జరిగింది, అంతే తేడా.
వసారా గోడమీద ఎనభయ్యారు వరద గీత
నడుమెత్తున ఇప్పటికీ ఉంది.
సున్నం వేయించినప్పుడల్లా
అదొక్కటీ వదిలేయమనేవాడట మా మామగారు.
గోదారి కూడా ఇంట్లోకొచ్చి
ఇక్కడిదాకా నాదని చెప్పే వెళ్ళింది.

ఆపరేషనుకి రాజమండ్రి.
తాటాకు బుట్ట నా ఒళ్ళో, మూత మీద షారోను చెయ్యి.
రావులపాలెం వంతెన మీద బస్సు ఎక్కగానే
తొడలమీద వెచ్చగా తగిలింది.
"అయ్యో" అంది పిల్ల. మొదటిసారి నాతో.
కిందంతా ఇసుక తిన్నెలూ ఎర్రనీళ్ళూ.
నేను బుట్ట దించలేదు.

పాత ప్లాస్టిక్ తొట్టిలో
పీచు మిల్లు నుంచి తెచ్చిన కొబ్బరి పొట్టు,
పైన ఎండుగడ్డి, అడుగున అది తడిపిన గుడ్డముక్క.
ఎక్కడ పెట్టాలో మేం తేల్చుకోలేకపోయాం,
జున్నే తేల్చింది: నా మంచం కాళ్ళ దగ్గర.
అక్కడే ఉంచాం.
క్యాలెండర్లో తప్పిన రోజుకి షారోను ఇంటూ పెట్టేది.
మొదటి వారం ఏడు ఇంటూలు.
రెండో వారం ఆరు.
మూడో వారం మళ్ళీ ఏడు.
నాకు ఏడుపొచ్చింది, వెనిగరు ఘాటని చెప్పాను.

తర్వాత ఎప్పుడో, బియ్యం ఏరుతుంటే
మడమకి మెత్తగా ఏదో తగిలింది.
జున్ను. గడ్డం కింద రుద్ది,
ఇంకోసారి రుద్ది, పోయింది.
"అది కూడా గుర్తేసుకోవడమే" అంది షారోను
గుమ్మంలోంచి.
"వాసన మనకి తెలీదు. దానికి తెలుస్తుంది."

ఆ రాత్రి పోపుల డబ్బా
మళ్ళీ కిటికీ పక్కన పెట్టేసి పడుకున్నాను.
పొద్దున్న లేచేసరికి
పొయ్యికి కుడివైపు ఉంది.
ఎవరూ ఏమీ అనుకోలేదు. ఆవాలు వేశాను.

ముసురు పట్టిన రోజుల్లో
ఇప్పటికీ ఒకోసారి తలుపు వారగా తడుపుతుంది.
వెనిగరు సీసా ఎక్కడుందో
ఇద్దరికీ తెలుసు.