బట్‌కి ముందు కామా

మంగళవారం సాయంత్రం ఆరున్నరకి
గ్రిమ్స్‌బీ లైబ్రరీ పై అంతస్తులో
హీటరు ఒకవైపే వేడెక్కుతుంది.
ఆ వైపు కుర్చీ కోసం చిన్న యుద్ధం.
ఎప్పుడూ డైవాయే గెలుస్తుంది.
పగలంతా ఐసు మీద చేపలు కోసిన వేళ్ళతో
ఎవరు వాదిస్తారు?

ఇవాళ సంయుక్త వాక్యం.
బోర్డు మీద ఒక పొడుగాటిది రాసి
మధ్యలో 'అండ్' మీద అరచెయ్యి మూశాను.
ఇప్పుడు చదవండి.
ఎడమపక్కది తన కాళ్ళ మీద తను నిలబడుతోందా?
కుడిపక్కది?
కర్త ఉండాలి, క్రియ ఉండాలి, రెండుచోట్లా.
ఒకటి రెండోదాని భుజం పట్టుకుని నడుస్తుంటే
దాని పేరు వేరు. అది వచ్చే వారం.

డైవా రాసింది:
ఐ కట్ ద ఫిష్ అండ్ వాష్డ్ ద నైఫ్.
అండ్ ఉందిగా, అంది.
ఉంది. కానీ కత్తి కడిగిందెవరు?
కుడిపక్క చేతులే ఉన్నాయి, మనిషి లేదు.
ఒకే కర్త రెండు పనులు చేస్తోంది,
ఇది మామూలు వాక్యమే,
ఓవర్‌టైములో ఉంది, అంతే.

"మా ఫ్యాక్టరీలాగే," అంది, నవ్వకుండా.
"మా లిథువేనియన్‌లో క్రియ తోకలోనే నేనుంటాను.
విడిగా పిలవక్కర్లేదు."
ఇంగ్లీషులో కుదరదమ్మా,
ప్రతి గుమ్మం దగ్గరా ఆగి
ఎవరో చెప్పుకోవాలి.
హబ్తోమ్ గట్టిగా తలూపాడు,
ఏదో కౌంటరు గుర్తొచ్చినట్టు.
డైవా 'ఐ' ఇరికించింది.
దాని పక్కన కాగితానికి అంటుకుని
ఒక చేప పొలుసు.

హబ్తోమ్ వాక్యం పేజీ దాటింది.
బాయిలర్ చెడిపోయింది, సో అతను ఫోన్ చేశాడు,
బట్ ఇంటి ఓనరు ఎత్తలేదు, అండ్ మళ్ళీ చేశాడు, అండ్
అందరం కలిసి లెక్కపెట్టాం.
పదకొండు ఉపవాక్యాలు.
అన్నీ నిక్షేపంగా నిలబడ్డాయి.
బాయిలర్ మాత్రం ఇంకా బాగవలేదు.

సిరిల్ మంబీ ఎప్పుడూ ఏమీ రాయడు.
పదిహేనేళ్ళకే బడి మాని ట్రాలరెక్కినవాడు,
టోపీ తీయడు, పెన్సిలు చెక్కుతూ కూర్చుంటాడు.
ఇవాళ నోటుబుక్కు నా వైపు జరిపాడు.

ద బోట్ కేమ్ హోమ్ బట్ డెస్ డిడ్ నాట్.

"ఇది ఆ రకమేనా, మిస్?"

బట్ మీద చెయ్యి పెట్టాను.
పడవ ఇంటికొచ్చింది. నిలబడింది.
ఇటుపక్క,
డెస్ ఉన్నాడు, కర్త. క్రియ సగమే ఉంది.
మిగతా సగం ఎడమపక్క నుంచి అరువు.
ఫరవాలేదు, వ్యాకరణం ఒప్పుకుంటుంది, అన్నాను,
నా గొంతు నాకే సరిగా వినపడలేదు.

"అరువా," అన్నాడు.
"మా తమ్ముడికి అదే అలవాటు. సిగరెట్లు, బూట్లు.
ఆ ట్రిప్పుకి నా చేతితొడుగులు."

కాసేపటికి అడిగాడు,
మధ్యలో ఫుల్‌స్టాప్ పెట్టొచ్చా అని.
పెట్టొచ్చు. రెండూ విడిగా బతికేవే కదా.
పెన్సిలు కాగితం మీద ఆనించి
చాలాసేపు ఉంచాడు.
"వద్దులే, కలిపే ఉండనీ."
అయితే బట్‌కి ముందు కామా కావాలి, అన్నాను.
పెట్టాడు,
గేలపు ముల్లంత పెద్దది.

ఎనిమిదికి గది మూసేశాం.
మెట్లు సగం దిగామో లేదో
టైమర్ లైటు టప్పున ఆరిపోయింది.
"ద లైట్ వెంట్ ఔట్," అన్నాడు సిరిల్.
ఎవరూ కదల్లేదు.
"అండ్?" అంది డైవా,
చీకట్లో ఎక్కడినుంచో.