మెత్తన

వాన ఆరు మిల్లీమీటర్లే.
వాల్గెట్ దాటి నలభై కిలోమీటర్లు వచ్చాక
దారి, దారిగా ఉండటం మానేసింది.

తొక్కినకొద్దీ దిగింది బండి.
ముందు టైరు, తర్వాత ఇరుసు,
తర్వాత నా పంతం.
తలుపు తీసి కాలు పెడితే
బూటు అక్కడే ఉండిపోయింది,
మేజోడుతో పైకొచ్చాను నేను.

నల్లరేగడి.
ఇదే మట్టి డిక్కీలో పన్నెండు సంచులుంది,
ఒక్కోదాని మీద నా చేతిరాతతో చీటీ:
బంక అరవై రెండు శాతం.
ఇన్నాళ్ళూ నేను చేసిన పరీక్షలకు
ఇవాళ అది బదులు తీర్చుకుంటోంది కాబోలు.

సిగ్నల్ గీత ఒక్కటీ లేదు.
కంచె తీగ మీద గులాబీరంగు కాకతువ్వలు
నా గురించి ఏదో అనుకుని, ఎగిరిపోయాయి.

రెండు గంటలకి ట్రాక్టరు మీద నోరీన్ టూమీ.
డెబ్బై దాటిన మనిషి, బెల్టుకి బదులు పురికొస.
"బాగ్డ్" అంది,
బాగున్నావా అన్నట్టు.

గొలుసు తగిలిస్తూ, మీ భాషలో ఏమంటారంది.
దిగబడ్డాను అంటాం.
విప్పి చెప్పాను: దిగడం ఒకటి, పడటం ఒకటి.
"రెండు నేరాలూ నీ మీదేనా!
మట్టికి మాత్రం ఏమీ అంటలేదన్నమాట."

వాళ్ళ నాయనమ్మది ఐర్లండులో కెర్రీ.
ఆవిడ నోట్లో ఆ మాటకి
మెత్తన అనే అర్థమట, అంతే.
కరిగిన వెన్న బాగ్. చంటిపిల్ల మాడు బాగ్.
పడీ పడని చినుకుల రోజు బాగ్.
"ఇంగ్లీషువాళ్ళొచ్చి అందులో కాలు పెట్టారు.
అప్పట్నుంచీ అది తిట్టు."

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి అనేది అమ్మమ్మ.
మెత్తనిదే పట్టుకుంటే ఏం చెయ్యాలో
ఆవిడా చెప్పలేదు.
రాయినైతే తన్ని లేవొచ్చు.
దీన్ని తన్నితే
కాలు ఇంకాస్త లోపలికి.

ఒక్క పత్తి సీజనుకని వచ్చాను.
తొమ్మిదేళ్ళు.
ఎవరూ కట్టెయ్యలేదు.
గట్టిగా ఒక్క మాట అన్నవాళ్ళు లేరు,
అనుంటే ఆ మాట మీద కాలు మోపి
వెళ్ళిపోయేదాన్నేమో.
గుమ్మం ముందు గుడ్లు పెట్టి పోయేవాళ్ళు.
నా పేరు తప్పుగా పలికి, ఎర్రబడి,
మళ్ళీ మొదట్నుంచీ పలికేవాళ్ళు.
వానలదాకా ఉండిపో అనేవాళ్ళు,
వానలిక్కడ ఎప్పుడొస్తాయో ఎవరికి తెలుసని.

గొలుసు బిగిసింది.
పాలు తాగుతూ నిద్రపోయిన బిడ్డ నోట్లోంచి
రొమ్ము తప్పించినప్పటి చప్పుడు చేసి
బండిని వదిలింది నేల.
ఆ గుంటల్లోకి అప్పుడే నీళ్ళు ఊరుతున్నాయి.

బూటు దొరకలేదు.
"ఎండాక నెర్రెలిస్తుందిగా, అప్పుడు వెతుకుదాంలే"
అంది నోరీన్, వెనక్కి తిరక్కుండా.
సరే అన్నాను.

చాలాదూరం పోయాక,
తడి మేజోడుతో క్లచ్ నొక్కుతుంటే,
ఏమన్నానో
వినిపించింది.